దురద చుట్టరికం

ఒంట్లో నొప్పిగా ఉందని చెప్పండి, ఎవరో ఒకరు కుర్చీ తెచ్చి వేస్తారు. దురదగా ఉందని చెప్పండి, తమ కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుంటారు. ఊరూరా తిరిగి సూదులు పొడిచి, పురుళ్ళు పోసి, పిల్లల బరువులు తూచి, రిటైరై ఇప్పుడు బందరులో మా ఇంటి వరండాలో కూర్చున్న నర్సుగా చెప్తున్నాను, ఇందులో మార్పేమీ లేదు.

కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయిలు అప్పుడప్పుడు నన్ను చూడటానికి వస్తుంటారు. "మీ సర్వీసులో మర్చిపోలేని కేసు ఏంటి మేడమ్?" అని అడుగుతారు. వరద నీళ్ళలో పడవ మీద పురుడు పోసిన కథ లాంటిదేదో చెప్తానని వాళ్ళ ఆశ. నాకు గుర్తొచ్చే కేసు మాత్రం నాదే. నా చేతులది. అందుకని ఒకసారి కూర్చుని రాసేస్తే, వచ్చినవాళ్ళకి కాఫీతో పాటు ఇది కూడా ఇచ్చేయొచ్చని మొదలుపెట్టాను.

నా చేతులకి ఎగ్జిమా. గజ్జి కాదు, తామర కాదు, కుష్ఠు అసలే కాదు. ఇవేవీ కాదని జనానికి చెప్పడంలోనే నా సర్వీసు సగం గడిచిపోయింది. గుడివాడలో ట్రైనింగు అవుతున్న రోజుల్లో మొదలైంది. మాటిమాటికీ సబ్బు, స్పిరిటు, డెటాలు. ముందు వేళ్ళ సందుల్లో చిన్న చిన్న పొక్కులు, ఆ తర్వాత ఎండిన చెరువులాగా అరచేతిలో పగుళ్ళు. అక్కడి నుంచి మోచేతుల మడతల్లోకి, మెడ వెనక్కి పాకింది. దురద మహా తెలివైనది. మనం ఖాళీగా కూర్చున్నప్పుడు వస్తే దానికి సరదా ఉండదు. పెద్దాఫీసరు ఎదురుగా నిలబడ్డప్పుడు, చర్చిలో అందరూ కళ్ళు మూసుకుని నిశ్శబ్దంగా ప్రార్థిస్తున్నప్పుడు, పసిబిడ్డ తొడకి సూది దగ్గర పెట్టినప్పుడు వస్తుంది.

మన వైపు దురద ఉన్న మనిషికి సలహాలకి మాత్రం కరువుండదు. పెడన బస్సులో పక్కన కూర్చున్నావిడ వేపాకు కాచి పోసుకోమంది. కండక్టరు కానుగ నూనె అన్నాడు. ఒకాయన గాడిద పాలు అన్నాడు, గాడిద ఎక్కడుందో కూడా చెప్పాడు. పక్కింటావిడ మోపిదేవి వెళ్ళి సుబ్రహ్మణ్యస్వామికి మొక్కుకోమంది. మా పాస్టరుగారు నా చేతులకి నూనె రాసి ప్రార్థన చేశారు. ప్రార్థన సంగతి దేవుడికి తెలుసు గానీ, నూనె మాత్రం రెండు రోజులు బాగా పనిచేసింది. మా అత్తగారు వంకాయ, గోంగూర, రొయ్యలు, చేపలు అన్నీ మాన్పించేశారు. బందరులో పుట్టి, చేపల కూర ఎదురుగా పెట్టుకుని పెరుగన్నం తిన్నాను నేను, ఏళ్ళ తరబడి. దురద తగ్గలేదు, మనిషిని తగ్గాను.

నేను చేసిన తెలివితక్కువ పని ఒకటుంది. డాక్టరుని అడక్కుండా మందుల షాపులో ట్యూబులు కొనొద్దని ఊరందరికీ చెప్పేదాన్ని, మా వీధి చివరి షాపులో ఒక స్టెరాయిడు ట్యూబు కొన్నాను. రాసుకున్న మర్నాడే చేతులు పెళ్ళికూతురి చేతుల్లా అయిపోయాయి. నా ఆనందం చూడాలి. నెలల తరబడి రాశాను. మానేసిన వారానికి దురద వడ్డీతో సహా తిరిగొచ్చింది, చర్మం ఉల్లిపొరలా పలచబడింది. అప్పుడు గానీ చర్మాల డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. ఆయన పెద్దాయన, నిదానస్తుడు. నా చేతులు తిప్పి తిప్పి చూసి, "పూర్తిగా పోగొట్టలేనమ్మా. దీన్ని మీ అత్తగారనుకోండి. ఇంట్లోంచి పంపించలేరు, కోపం రాకుండా చూసుకోవాలి" అన్నారు.

మా అత్తగారు నా పక్క కుర్చీలోనే ఉన్నారు. కానీ ఆ డాక్టరుగారే, నా విషయంలో చేపలకీ దీనికీ సంబంధం లేదని, నాకు పడనివి సబ్బూ చెమటా అని తేల్చారు. ఆ మాటకి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. ఆయన జబ్బు పోదన్నందుకు ఏడుస్తున్నాననుకున్నారు.

అక్కడి నుంచి కాపురం నేర్చుకున్నాను, దురదతో. చేతులు కడిగిన వెంటనే తడి పూర్తిగా ఆరకముందే వాజలీను రాయడం, గోళ్ళు పొట్టిగా ఉంచడం, గీరుకోవాలనిపిస్తే అరచేత్తో మెల్లగా తట్టడం, మరీ ఆగకపోతే చల్లటి తడిగుడ్డ చుట్టడం. మా ఆయన గుడివాడలో ప్రింటింగు ప్రెస్సులో చేసేవారు. నేను తెలియకుండా గీరుకుంటుంటే పేపరు మీంచి తలెత్తకుండా, "ఏమోయ్, కచేరీ చాలించు" అనేవారు. గాజుల చప్పుడుని బట్టి ఏ చేత్తో ఏ చెయ్యి గీరుతున్నానో చెప్పగలిగేవారు.

ఒంటికి ఇదంతా సరే. మనసుకి వాజలీను లేదు. మా తోడికోడలి ఇంట్లో నాకు టీ ఇచ్చే గ్లాసు వేరే రంగులో ఉండేది. చర్చి అయ్యాక అందరూ చేతులు కలుపుతుంటే నేను ముందే నమస్కారం పెట్టేసేదాన్ని. పెళ్ళిళ్ళలో చేతులు పైట కొంగులో దాచుకుని నిలబడేదాన్ని. నవ్వించే మనిషినని నాకు పేరు. మొహం నవ్విస్తుంటే జనం చేతుల వైపు చూడరని నేను ముందే కనిపెట్టాను.

ఇలా లాక్కొస్తుంటే కరోనా వచ్చింది. లోకమంతా చేతులు కడుక్కోవడం మొదలుపెట్టింది. నాకేమో ఆ శానిటైజరు పడ్డప్పుడల్లా పగుళ్ళలో పచ్చిమిర్చి పిండినట్టుండేది. సరిగ్గా ఆ రోజుల్లో, రిటైర్మెంటు కనుచూపు మేరలో ఉండగా, నన్ను దివిసీమ చివరికి వేశారు. పులిగడ్డ వారధి దాటి, అవనిగడ్డలో బస్సు దిగి ఆటో ఎక్కితే, తారురోడ్డు అయిపోయిన చోట ఆ ఊరు మొదలవుతుంది. అవతల సముద్రమే. వలల మీద ఎండుతున్న చేపలు, ఒడ్డున పడవలు. ఆరోగ్య ఉపకేంద్రానికి ఆనుకుని ఒక గది ఉంటే అందులోనే ఉండేదాన్ని, ఆదివారాలు బందరు వచ్చేదాన్ని.

అక్కడ నాకు తోడు ఒక ఆశా కార్యకర్త. ఆ ఊరి కోడలు. ఆ అమ్మాయి ఇంటింటికీ తిరిగి చెప్పాల్సిన అవసరం ఉండేది కాదు, వీధి మొదట్లో నిలబడి మాట్లాడితే చివరి ఇంటికి వినపడేది. పైన మా ఆరోగ్యకేంద్రం డాక్టరమ్మ. చిన్నపిల్ల, నా కూతురి వయసు, నిద్రలేక కళ్ళు లోపలికి పోయి ఉండేవి. ఆ ఊళ్ళో అప్పటికే కొందరు పెద్దవాళ్ళు కరోనాతో పోయారు. టీకాలు రాగానే డాక్టరమ్మ నన్ను పిలిచి, "సిస్టర్, షుగరూ ఆయాసం ఉన్నవాళ్ళు ఆ ఊళ్ళో చాలామంది ఉన్నారు. వాళ్ళకి తొందరగా పడాలి" అంది.

ఆ ఊరిని కదిలించాలంటే ముందు ఒకావిడ కదలాలి. ఎండుచేపల వ్యాపారం చేసేది. అందరూ పెద్దమ్మ అనేవాళ్ళు, నేను అక్కా అనేదాన్ని. భారీ మనిషి, భారీ గొంతు, ఆ రెండింటికీ తగ్గ షుగరూ ఆయాసం. ఊళ్ళో ఆడవాళ్ళంతా ఆవిడ మాట మీద నడిచేవాళ్ళు. మగవాళ్ళు కూడా నడిచేవాళ్ళు గానీ, ఒప్పుకునేవాళ్ళు కాదు. మా ఆశా వారం రోజులు ఆవిడ వెంటపడి బతిమాలితే, సరే నేనే ముందు వేయించుకుంటా అంది.

తుఫాను షెల్టరులో బల్లలు వేశాం. వరస బయటి దాకా ఉంది. అక్క వచ్చి కుర్చీలో కూర్చుని జాకెట్టు చెయ్యి పైకి లాగింది. నేను సిరంజి తీయబోతుంటే గ్లౌజు చిరిగింది. మార్చుకుందామని తీశాను. చెమటకీ శానిటైజరుకీ నా చెయ్యి అప్పటికే ఎర్రగా, పగిలి, ఒక వేలి మీద నెత్తురు గీత కూడా ఉంది.

"ఏంటమ్మా అది?" అంది అక్క.

"ఎగ్జిమా అక్కా. చాలాకాలం నుంచి ఉంది. అంటుకునేది కాదు."

"కరోనా కూడా మొదట్లో మన దేశం రాదన్నారుగా" అని, జాకెట్టు చెయ్యి కిందకి లాక్కుని లేచి వెళ్ళిపోయింది.

ఆవిడ వెనకే వరసంతా వెళ్ళిపోయింది. తెరిచిన టీకా సీసా ఆ పూటే వాడేయాలి, దాచడానికి లేదు. ఆశా గుమ్మంలో నిలబడి పేరుపేరునా పిలిచింది. ఆ గొంతుకి కూడా ఎవరూ వెనక్కి తిరగలేదు. మొత్తం పారేయాల్సి వచ్చింది.

సాయంత్రం డాక్టరమ్మ ఫోను చేసింది. కోప్పడలేదు. "మీరేమీ అనుకోకండి సిస్టర్. వచ్చేసారికి ఇంకో సిస్టర్‌ని పంపిస్తాను. మీరు కంప్యూటర్ ఎంట్రీ చూసుకోండి, కాస్త రెస్టుగా కూడా ఉంటుంది" అంది. తిట్టినా బాగుండేది. అంత మర్యాదగా నా చేతుల్ని ఎవరూ పక్కన పెట్టలేదు. ఎన్ని వేలమంది పిల్లలకి సూదులు వేశానో, ఎంతమంది బిడ్డలు ముందు ఈ చేతుల్లోకే జారారో, ఆ అమ్మాయికి ఏం తెలుసు? తెలిసినా ఏం చెయ్యగలదు?

మా ఆయనకి ఫోను చేశాను. అంతా విని, "వాళ్ళకి సూది వద్దు, నీకు వాళ్ళు వద్దు, సరిపోయింది. ఇంటికొచ్చెయ్" అన్నారు. నేను ముక్కు ఎగబీలుస్తూ గీరుకోవడం మొదలుపెట్టాను. అటువైపు ఆయన కాసేపు చెవి పెట్టి విని, "ఏమోయ్, ఏడుస్తూ గీరుకోకు. రెండిట్లో ఏదో ఒకటి చెయ్" అన్నారు. ఏడుపు ఆపి గీరుకున్నాను.

కానీ ఇంకో సిస్టర్ రాలేదు. ఆవిడకే జ్వరం వచ్చింది, పరీక్షలో పాజిటివ్ అని తేలింది. డాక్టరమ్మ మళ్ళీ ఫోను చేసి, "మీరు తప్ప వేరే దారి లేదు సిస్టర్" అంది. మనిషిని పొగిడే పద్ధతి అది కాదు గానీ, నాకు ప్రాణం లేచొచ్చింది. ఇక చేయగలిగింది ఒకటే, వెళ్ళి అక్కతో మాట్లాడటం.

పొద్దు వాలుతుండగా వెళ్ళాను. ఇంటి పక్క పాక కింద ఎండుచేపల బుట్టలు. అక్క ఒక్కతే నులక మంచం మీద కూర్చుని ఉంది. నేను వచ్చింది చూసుకోలేదు. కుడి మడమని మంచం అంచుకేసి రుద్దుతోంది. కళ్ళు సగం మూసుకుని, పెదవి బిగబట్టి, ఊపిరి ఆపి. ఆ మొహంలో ఉన్నది సుఖమో బాధో చూసినవాళ్ళెవరూ చెప్పలేరు. నాకు తెలుసు. ఆ మొహాన్ని అద్దంలో ఎన్నిసార్లు చూసుకున్నానో.

అలికిడికి ఉలిక్కిపడి చీర కుచ్చెళ్ళు కిందకి లాక్కుంది.

"ఎందుకొచ్చావ్? టీకా సంగతి చెప్పాగా."

"టీకా సంగతి తర్వాత చూద్దాం అక్కా. అలా రుద్దితే తోలు లేస్తుంది. చల్లటి తడిగుడ్డ వేసుకో, కాసేపటికి నెమ్మదిస్తుంది."

నా వైపు చూసింది. "నీకెవురు చెప్పారు?"

"నీ మొహమే చెప్పింది."

లేచి వెళ్ళి పాక తడిక దగ్గరికి వేసొచ్చింది. మంచం మీద కూర్చుని కుచ్చెళ్ళు పైకి తీసింది. పాదాలు నల్లగా మందం కట్టి ఉన్నాయి, వేళ్ళ దగ్గర పగుళ్ళు. చీలమండల దగ్గర మాత్రం చర్మం పలచగా మెరుస్తోంది. ఆ మెరుపు నాకు తెలిసిందే. "ఏం రాస్తున్నావు?" అన్నాను. దిండు కిందనుంచి ట్యూబు తీసింది. నేను కొన్న ట్యూబే. ఆపుకుందామనుకున్నాను గానీ నవ్వొచ్చేసింది.

"నవ్వుతావేంటి నర్సమ్మా?"

"ఇదే రాసుకుని నేనూ పెళ్ళికూతుర్నయ్యాను అక్కా. తర్వాత ఏమైందో నీకూ తెలిసే ఉంటుంది."

ఆవిడకి కూడా నవ్వొచ్చింది. నవ్వుతూనే మళ్ళీ మడమ మంచానికి ఆనించబోయి, నన్ను చూసి ఆపుకుంది.

"మరి ఆ రోజు నన్ను చూసి అలా ఎందుకు లేచిపోయావు?" అని అడిగాను.

బుట్ట మీద వాలిన ఈగల్ని కొంగుతో తోలింది. "ఉప్పునీళ్ళలో నిలబడి చేపలు కడిగే బతుకు నాది. తట్ట ముందర కూర్చున్నదాని కాళ్ళకి ఇట్టాటిది ఉందని తెలిత్తే నా చేప ఎవురు కొంటారు? మా కోడలిక్కూడా తెలియదు. నీ చెయ్యి చూత్తే నా కాలు కనపడ్డది. నిన్ను చూసి భయపడలేదమ్మా. నా ఎనకమాల వరసలో వాళ్ళు నీ చేతిని చూసిన చూపు ఉందే, దానికి భయపడ్డా. నేనే ముందు లేచిపోతే నన్నెవురూ అనుమానపడరు గదా."

ఇంత సూటిగా ఎవరూ నాకు క్షమాపణ చెప్పలేదు. పైగా ఆవిడ చెప్పింది క్షమాపణ కూడా కాదు.

"ఎవురికీ చెప్పమాక" అంది.

"నర్సుని అక్కా. నా కడుపులో ఇలాంటివి ఊళ్ళకి ఊళ్ళే ఉన్నాయి. నీ కాళ్ళు ఓ మూల పడుంటాయి."

ఇప్పుడు రాస్తున్నది కూడా ఆవిణ్ణి అడిగే. "పేరు రాయమాక, చేపల రేటు రాయమాక, మిగతాది నీ ఇష్టం" అంది.

ఆ పూట నన్ను వెళ్ళనివ్వలేదు. పులుసు వండి ఉంది, తినమంది. "చేపలు నీకు పడతాయా, లేకపోతే పప్పుచారు పెట్టమంటావా?" అని నా గురించి అడిగింది. పడతాయన్నాను. తన కంచమే కడిగి అందులో అన్నం పెట్టింది. నేను చెయ్యి పెట్టకుండా ఒక్క క్షణం ఆగాను. ఇంకొకళ్ళ కంచంలో నేను అన్నం తిని ఎంతకాలమైందో గుర్తురాలేదు. అక్క అది గమనించింది. ఇంకో ముక్క వేసింది.

రెండు రోజుల తర్వాత డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. షుగరున్నవాళ్ళు అప్పుడప్పుడు కాళ్ళు చూపించుకోవాలి కదా, ఊళ్ళో అదే చెప్పాం. అది అబద్ధం కూడా కాదు. డాక్టరమ్మ ఆ ట్యూబు మాన్పించే పద్ధతి చెప్పి, వేరే పూత మందు రాసి, ఉప్పునీళ్ళలోకి దిగేటప్పుడు వేసుకునే బూట్లు, లోపల నూలు మేజోళ్ళు చెప్పింది. బయటికొచ్చాక అక్క, "టీకా నేను వేయించుకుంటాలే. ఊళ్ళోవాళ్ళ సంగతి మటుకు నీదే. నేను చెప్తే ఎందుకు మారిందని అడుగుతారు" అంది.

అదీ నిజమే. ఆవిడ రహస్యం నా దగ్గరుంది, దాన్ని వాడుకోవడానికి లేదు. నా చేతులతోనే నేను గట్టెక్కాలి.

టీకాల రోజు మళ్ళీ షెల్టరులో బల్లలు వేశాం. ఆశా వాళ్ళనీ వీళ్ళనీ లాక్కొచ్చి కూర్చోబెట్టింది. వచ్చారు గానీ, గోడల వెంట దూరంగా కూర్చున్నారు. సూది కోసం కాదు, ఏం జరుగుతుందో చూద్దామని. డాక్టరమ్మ కూడా వచ్చి ఒక పక్కన నిలబడింది. నేను బల్ల ముందుకొచ్చాను. ఇన్నేళ్ళూ కొంగులో దాచుకున్న చేతుల్ని రెండూ పైకెత్తి చూపించాను.

"ఇదిగో, చూడండి. బాగా చూడండి. దీని పేరు ఎగ్జిమా. ఇది ఒకళ్ళ నుంచి ఒకళ్ళకి అంటుకోదు. అంటుకునేదైతే ముందు మా ఆయనకి అంటుకోవాలి. ఆయనకి నా నోరు తప్ప ఏదీ అంటుకోలేదు."

కొందరు నవ్వారు. నవ్వు చూసి నాకు హుషారొచ్చింది. వాళ్ళకి అర్థం కావాలని దురద ఎలా ఉంటుందో చెప్పడం మొదలుపెట్టాను. అక్కడే పొరపాటు చేశాను. ముందు మెడ వెనకాల ఒక చీమ నడిచినట్టుంటుందని, అది జాకెట్టు లోపలికి దిగుతుందని, దాన్ని పట్టించుకోకూడదనుకుంటామని, పట్టించుకోకూడదనుకునే కొద్దీ వేళ్ళ సందుల్లో ఇంకొకటి మొదలవుతుందని, ఎంతో అనుభవంతో వర్ణించాను. ముప్పయ్యేళ్ళ సాధన అది. ఊరికే పోతుందా?

ముందు వరసలో ఒకావిడ మెడ గీరుకుంది. పక్కనున్నావిడ మోచెయ్యి గీరుకుంది. ఒక ముసలాయన వీపు గోడకేసి మెల్లగా రుద్దుకోసాగాడు. చూస్తుండగానే షెల్టరు నిండా అందరూ ఎక్కడో ఒకచోట గీరుకుంటున్నారు. ఆఖరికి డాక్టరమ్మ కూడా చెవి వెనకాల వేలు పెట్టింది.

వెనకనుంచి ఒక పడవ ఓనరు లేచాడు. "అంటుకోదంది. అప్పుడే ఊరందరికీ అంటుకుంది. పదండి ఇంటికి" అన్నాడు.

జనం లేవబోయారు. ఏం చెప్పాలి? చెప్పే కొద్దీ ఇంకా గీరుకుంటారు. డాక్టరమ్మ ఏదో చెప్పబోయింది, ఎవరూ వినలేదు. మళ్ళీ సీసాలు పారేయడం, మళ్ళీ ఆ మర్యాదైన ఫోను, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి.

అప్పుడు అక్క లేచింది.

"కూకోండి" అంది. కూర్చున్నారు. పడవ ఓనరు కూడా సగం కూర్చున్నాడు.

"ఒరే అబ్బాయ్, మీ నాన్న ఆవులిత్తే నీకు ఆవులింత రాదా? వత్తది. అయితే నీకు ఆవులింత జబ్బా? దురద మాట ఇంటే దురద పుడతది, చింతకాయ మాట ఇంటే నోరూరతది. అంతే. ఈవిడ మొన్న మా ఇంట్లో, నా కంచంలో, నేను పెట్టిన పులుసన్నం తిన్నది. నాకేవన్నా వచ్చిందా?"

అక్క ఛాతీ విరుచుకుని నిలబడి, "చెప్పండి. నా ఒంటి మీద చీమ కుట్టిన మచ్చయినా ఉందా?" అంది.

ఆ మాట అంటున్నప్పుడే ఆవిడ చీర అంచు కింద కుడి బొటనవేలు ఎడమ చీలమండని గబగబా రుద్దుతోంది. నా వర్ణన ఆవిణ్ణి మాత్రం ఎలా వదులుతుంది? నేను నిలబడ్డ చోటునుంచి అది నాకు మాత్రమే కనిపించింది. పైకప్పు వైపు చూస్తూ పళ్ళు బిగబట్టాను. అంతమందికి నిజం నమ్మించడానికి ఆవిడ అంత పెద్ద అబద్ధం ఆడుతుంటే, నా నవ్వు వల్ల అది చెడిపోతే ఇంకేమన్నా ఉందా?

అక్క వచ్చి కుర్చీలో కూర్చుంది. జాకెట్టు చెయ్యి పైకి లాగింది. నేను గ్లౌజులు తొడుక్కుంటుంటే, నాకు మాత్రమే వినపడేట్టు, "లోపల నూలువి ఏసుకున్నావా? చెమట పడితే మండుద్ది నీకు" అంది. వేసుకున్నానన్నాను. "అయితే పొడు" అంది.

పొడిచాను. ఆవిడ లేచి, వరసలోకి రమ్మన్నట్టు మిగతావాళ్ళ వైపు చూసింది. ముందు ఆవిడ కోడలొచ్చింది, తర్వాత వీపు రుద్దుకుంటున్న ముసలాయన, ఆ తర్వాత ఇంకెవరినీ పిలవాల్సిన పని లేకపోయింది. అందరూ రాలేదు. కొందరు వెళ్ళిపోయారు, వాళ్ళలో కొందరు తర్వాతి వారాల్లో వచ్చారు, కొందరు అసలు రాలేదు. కానీ ఆ రోజు తెరిచిన సీసా ఏదీ పారేయలేదు. అందరికంటే ఆఖర్న పడవ ఓనరు వచ్చాడు. సూది వేయించుకుని, మెడ గీరుకుంటూ, "ఈ దురద ఎప్పుడు తగ్గుద్దండీ?" అని అడిగాడు. స్నానం చేస్తే తగ్గుతుందన్నాను.

డాక్టరమ్మ జీపెక్కబోతూ వెనక్కొచ్చింది. "సిస్టర్, కంప్యూటర్ ఎంట్రీకి వేరేవాళ్ళని చూస్తాను" అని మాత్రం అంది. నాకు అది చాలు.

అప్పటినుంచి రిటైరయ్యే దాకా సాయంత్రాలు ఎక్కువగా అక్క పాకలోనే గడిపాను. తడిక దగ్గరికి వేసుకుని ఆవిడ కాళ్ళకీ, నేను చేతులకీ తడిగుడ్డలు చుట్టుకుని కూర్చునేవాళ్ళం. ఏ పూట ఎవరికి ఎక్కువగా ఉందో చెప్పుకునేవాళ్ళం. పోటీలో ఎప్పుడూ ఆవిడే గెలిచేది, నేను ఒప్పుకోకపోతే ఊరుకునేది కాదు. ఆవిడ కాళ్ళు చాలావరకు నెమ్మదించాయి. వానాకాలంలో మళ్ళీ రేగేవి, మళ్ళీ అణిగేవి. నయమైపోయిందని నేను అబద్ధం రాయను. కానీ ఒక మనిషి దగ్గర దాచక్కర్లేదంటే, దురద అలాగే ఉన్నా దాని పొగరు తగ్గుతుంది. ఇది నేను ఏ ట్రైనింగులోనూ నేర్చుకోలేదు. మీ దగ్గరికి దురదతో ఎవరైనా వస్తే మందు రాసే ముందు కుర్చీ వెయ్యండమ్మా. దగ్గరగా వెయ్యండి.

రిటైరైన రోజు షెల్టరులోనే చిన్న మీటింగు పెట్టారు. దండ, ఫొటో, నాలుగు మాటలు. డాక్టరమ్మ పాపం పెద్ద శాలువా తెచ్చింది, ఒళ్ళంతా జరీ. దాన్ని చూస్తేనే నాకు మెడ మీద చీమలు పాకాయి. మొహం చెదరకుండా కప్పించుకుని, చప్పట్లు అవగానే మడిచి ఒళ్ళో పెట్టుకున్నాను.

అప్పుడు అక్క లేచొచ్చింది. చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి. అందులోంచి చీర తీసింది. రంగు వెలిసిపోయి, ఉతికి ఉతికి పలచబడ్డ నూలు చీర. అంచు దగ్గర ఒక చిన్న కుట్టు కూడా ఉంది. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. మా ఆశా ఆగలేకపోయింది.

"అదేంటి పెద్దమ్మా, ఉద్యోగం చేసి వెళ్ళే మనిషికి పాత చీర పెడతావా? ఊరు పరువేం కాను?"

"నోరు ముయ్యే" అంది అక్క. చీర విప్పి నా భుజాల చుట్టూ కప్పింది. పసిపిల్ల చెంపలా మెత్తగా ఉంది. "కొత్త చీరలకి గంజీ, జరీ. మనలాంటోళ్ళ ఒంటికి అయ్యి పడవు. పాతదే మెత్తన."

అన్నాక గానీ ఏమన్నదో ఆవిడకి తెలిసినట్టు లేదు. ఆవిడ కోడలు తలెత్తి చూసింది. నాలుక కరుచుకుంటుందేమో, మాట మారుస్తుందేమో అని నేను ఆవిడ మొహం చూశాను. ఏమీ మార్చలేదు. నా భుజం మీద ముడత సర్ది, వెళ్ళి తన చోట కూర్చుంది.

ఆశా నన్ను అవనిగడ్డ దాకా దిగబెట్టడానికి ఆటో ఎక్కింది. పుట్టి ఎరగనంతసేపు మౌనంగా కూర్చుంది. అవనిగడ్డ రోడ్డు మలుపు తిరిగాక ఇక ఉండబట్టలేక, "మేడమ్, మనలాంటోళ్ళు అంది పెద్దమ్మ. అంటే ఏంటి మేడమ్?" అని అడిగింది.

"పాత చీరలు ఇష్టమున్నవాళ్ళని" అన్నాను.